చివరి గదిలో ఇచ్చిన మాట

ఇనుప ముసలాడికి ఆరు చేతులు. ఆరింటినీ ఒకేసారి ఊపుతూ మీదికొస్తాడు. అప్పుడు ఏ గుండూ వాణ్ణి తాకదు. ఊపి ఊపి అలిసిపోయాక ఒక్క ఊపిరి సేపు ఛాతీ తలుపు తెరుస్తాడు. లోపల నీలం దీపం వెలుగుతూ కనిపిస్తుంది. కొట్టాల్సింది దాన్నే. ఆ ఒక్క ఊపిరిలో కన్ను పక్కకి పోయిందా, మళ్లీ మొదటి గది నుంచి మూడు గదులూ దాటుకుని రావాలి.

ఇవన్నీ కలంపీర్‌కి ఎవరూ చెప్పలేదు. చచ్చి చచ్చి నేర్చుకుంది.

అది రెండు అరచేతుల్లో ఇమిడే గేమ్. 'ఏడో నౌక' అనే సినిమాల మీద తయారుచేసింది. కజాలీ స్టేషన్ రైల్వే క్లబ్బులో ఆ సినిమాలు ఆడిన రోజుల్లో ఆమె ఒక్కటీ వదల్లేదు. ఆగిన రైళ్ల దగ్గర ఎండుచేపలూ పులిసిన ఒంటెపాలూ అమ్ముకుని, తట్ట దింపి, చేపల వాసనతోనే వెళ్లి ముందు వరసలో కూర్చునేది. పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఆమెకి అదే కావాలి.

అందుకే గేమ్‌లో తప్పులు ఆమెకి ఇట్టే దొరికిపోతాయి. సినిమాలో కెప్టెన్‌ది నల్లకోటు, ఇందులో పచ్చకోటు. సినిమాలో వాడి అక్క శత్రువులతో చేతులు కలిపి వాణ్ణి పట్టిస్తుంది. ఇందులో ఆ అక్కే ప్రతి గది గుమ్మంలోనూ నిలబడి మందు అందిస్తుంది.

"దీన్ని చేసినవాడికి ఆడపడుచులు లేరు. ఉంటే ఇలా చెయ్యడు," అనేది కలంపీర్.

తెర మీద రాతలు ఏ భాషవో ఆమెకి తెలియదు. తెలియక ఆగిందీ లేదు. ప్రాణం పోసే తెల్ల గుండ్రాలని కుర్త్ అంటుంది. చూడ్డానికి అవి ఆమె పైకప్పు మీద ఎండబెట్టే ఉప్పు పెరుగు ఉండల్లాగే ఉంటాయి. కెప్టెన్ని 'మా వాడు' అంటుంది. మా వాడికి కుర్త్ అయిపోయిందంటే ఇంట్లో ఎవరూ ఆమెని పలకరించకూడదు.

ఇంట్లో ఉండేది మొగుడొక్కడే. పేరు ఎసెన్‌జోల్. రైలు చక్రాలని సుత్తితో కొట్టి, చప్పుడుని బట్టి పగుళ్లు పట్టే పని చేసి రిటైరయ్యాడు. మనుషులతో మాట్లాడే అలవాటు ఆ ఉద్యోగంలో లేదు. తర్వాతా రాలేదు.

ఆ గేమ్ తెచ్చిచ్చింది మేనల్లుడు సగిందిక్. ఎసెన్‌జోల్ అక్క కొడుకు. లారీ తోలుతాడు, అరాల్ ఊళ్లో కాపురం. కలంపీర్ మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుని మంచానపడ్డ చలికాలం తెచ్చాడు. మంచి మనసుతోనే తెచ్చాడు. అయినా మేనల్లుడి చేతిలోంచి ఏదైనా తీసుకునేటప్పుడు ఆ ఇంట్లో రెండుసార్లు ఆలోచిస్తారు.

దానికి కారణముంది. మేనమామ ఇంట మేనల్లుడికి మూడు కోరికల హక్కు. బతుకు మొత్తం మీద మూడు. నోరు తెరిచి అడిగాక లేదనకూడదు. లేదన్న ఇల్లు బాగుపడదని అక్కడ చిన్నా పెద్దా అందరూ నమ్ముతారు. సగిందిక్ మీసాలు రాకముందే ఎర్ర గుర్రప్పిల్లని అడిగి తోలుకుపోయాడు. పెళ్లయిన ఏడాది మామయ్య పక్కతొట్టి ఉన్న మోటారుసైకిలు అడిగి తీసుకుపోయాడు. మూడోది మిగిలింది. ఇప్పుడు వాడికి నెత్తిన జుట్టు పలచబడింది. మూడోది ఇంకా మిగిలే ఉంది.

మిగిల్చింది కలంపీర్. అదంతా ఆమె కంటి పదును. అడక్క ముందే చేతిలో పెట్టింది కోరిక కింద రాదు. వాడు గొంతు సవరించుకున్నాడా, కలంపీర్ గొర్రెతోలు తెచ్చి ఒళ్లో పడేసేది. కూర్చున్నచోట సర్దుకున్నాడా, ఉన్ని బూట్లు. కిటికీలోంచి పశువులకేసి చూశాడా, పొగబెట్టిన చేపల దండ మెడలో వేసేది. "తీసుకుపో నాయనా, నీ కోసమే దాచాను," అనేది. అడగబోయిన మాట మింగి, వాడు నవ్వుకుంటూ పోయేవాడు.

"అత్తా, నువ్వు పోలీసుల్లో ఉండాల్సిన మనిషివి," అనేవాడు.

"పోలీసులైతే నిన్ను ఎప్పుడో లోపలేసేవాళ్లు. నేను కాబట్టి బూట్లిచ్చి పంపుతున్నా," అనేది ఆమె.

ఆమె కాపలా కాసేది కోంగిర్‌ని. గోధుమరంగు ఆడ ఒంటె. ఆ వాకిట్లో పుట్టిన ఒంటెకి పుట్టిన ఒంటె, దాని అమ్మమ్మ కూడా అక్కడే పుట్టింది. కలంపీర్ చేతికి తప్ప చేపదు. ఆమె వెళ్లి మెడ కింద నుదురు ఆనించి, ముక్కుతో సన్నగా రాగం తీస్తే గాని పొదుగు వదలదు. తుంటి విరిగిన చలికాలం ఎసెన్‌జోల్ ఆమె కోటు తొడుక్కుని, ఆమె రుమాలు కట్టుకుని ప్రయత్నించాడు. ఒంటె వాసన చూసి మొహాన ఉమ్మింది.

ఆ రోజు వసంతకాలపు మధ్యాహ్నం. పొద్దున్నే ఎసెన్‌జోల్ గేమ్‌కి కొత్త బ్యాటరీలు తెచ్చి, తనే లోపల వేసి, ఆమె పక్కన పెట్టాడు. ఇన్నేళ్ల కాపురంలో అలాంటిది జరగలేదు. కలంపీర్ కొంచెం కరిగింది. టీలో మామూలు కంటే ఎక్కువ మీగడ వేసింది. తాగి, బజార్లో పనుందని వెళ్లిపోయాడు. ఒంటెపిల్లని మేతకి తోలకుండా గుమ్మం దగ్గరే కట్టేసి వెళ్లాడు. దాన్ని ఆమె చూసింది గాని ఏమీ అనుకోలేదు.

పక్కింటి ఉల్తుగన్ ముసలమ్మ టీకి వచ్చి కూర్చుంది. వాళ్లిద్దరికీ ఈమధ్య మాటలు సరిగా లేవు. పాలక్యాను రెండుసార్లు వెలితిగా కనిపిస్తే కలంపీర్ ఆమె మీద అనుమానపడి ఒక మాట అంది. అయినా ఉల్తుగన్ టీ మానలేదు. టీ వేరు, మాట వేరు.

కాసేపటికి లారీ ఆగిన చప్పుడయింది. సగిందిక్ వచ్చాడు. కుశలాలు అయ్యాయి. టీగిన్నె అందుకుని కుదురుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకోలేదు. సర్దుకోలేదు. కిటికీ వైపు చూడలేదు.

"ఏ గదిలో ఉన్నావత్తా?" అన్నాడు.

"మూడో గది చివర. ముసలాడి తలుపు దగ్గర."

"అయితే లోపలికి పో. నన్ను చూసి ఆగకు. నేను పరాయివాణ్ణా?"

ఆమె లోపలికి పోయింది. మిగతా గదుల్లో ఆట ఆపుకోవచ్చు. ఆ గదిలో ఆపే బొత్తాం పనిచెయ్యదు. చేసినవాడికి ఆడపడుచులు లేకపోవచ్చు గాని దయ కూడా లేదు.

ముసలాడు చేతులు ఊపాడు. మా వాడు వంగాడు, దొర్లాడు, స్తంభం వెనక నక్కాడు. కలంపీర్ బొటనవేళ్లు తెల్లబడ్డాయి. మొదటిసారి తలుపు తెరుచుకుంది. దీపం మీద దెబ్బ పడింది. రెండోసారి తెరుచుకుంది. పడింది. ఇంత దూరం ఎప్పుడూ రాలేదు ఆమె. ఇంకొక్కటి తగిలితే చాలు.

ఎక్కడో పక్కన మనిషి గొంతు వినబడింది. మాటలు చెవిలో పడ్డాయి, లోపలికి దిగలేదు.

"అత్తా, వింటున్నావా? సరేనా మరి?"

"సరే, సరే. తీసుకుపో. ముందు ఆ వెలుతురుకి అడ్డం లే."

ముసలాడు మూడోసారి తలుపు తెరవలేదు. ఆరు చేతులూ కలిపి నేలకేసి కొట్టాడు. మా వాడు పోయాడు. గేమ్ కుయ్యిమని ఏడ్చింది.

కలంపీర్ తలెత్తింది. ఉల్తుగన్ నోట్లోకి పోవాల్సిన బౌర్సాక్, నూనెలో వేయించిన రొట్టెముక్క, చేతిలోనే ఉంది. సగిందిక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అడిగింది దక్కినవాడు అలాగే పెడతాడు.

"ఏమడిగావు?" అంది కలంపీర్.

సగిందిక్ గిన్నెలోకి చూశాడు. ఉల్తుగన్ చెప్పింది. ఆ మాట చెప్పే అదృష్టం వేరెవరికీ దక్కనివ్వదలచుకోలేదామె.

"కోంగిర్‌ని అడిగాడు. మూడో కోరిక అని పేరుపెట్టి మరీ అడిగాడు. నువ్వు సరే తీసుకుపో అన్నావు. నేను సాక్షిని. దేవుడు నన్ను ఎందుకింకా ఉంచాడా అనుకుంటున్నా ఈ మధ్య. ఇందుకన్నమాట."

"నేను వినలేదు."

"వినకపోతే సరే అంటారా?"

"నోరుమూసుకుని తిను," అంది కలంపీర్. తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది. "లారీ తోలేవాడికి ఒంటె ఎందుకురా?"

వాడు చెప్పేటప్పుడు హాస్యం పోయింది గొంతులో.

"అమ్మకి. నెల నుంచి ఏదీ ఇమడటం లేదు. కొన్న ఒంటెపాలు నోట్లో పోస్తే ఉమ్మేస్తోంది. తన పుట్టింటి వాకిట్లో పాలు ఇవి కావంటోంది. మామయ్య రెండుసార్లు క్యానులోంచి తీసి రైల్లో పంపాడు. అవి మాత్రం తాగింది. తర్వాత నువ్వు పాలు తగ్గాయని గోల చేశావట, ఆపేశాడు."

ఉల్తుగన్ బౌర్సాక్ కింద పెట్టి, చేతులు దులుపుకుంది. "దొంగ దొరికాడు," అంది. "నా మీద అన్న మాటలు ఇప్పుడు ఎవరికిస్తావో ఇచ్చుకో."

కలంపీర్ కిటికీలోంచి గుమ్మం దగ్గర కట్టేసిన ఒంటెపిల్లని చూసింది. లారీ వెనక పలక దించి ఉంది. పొద్దున్న వేసిన కొత్త బ్యాటరీలు గుర్తొచ్చాయి. టీలో ఎక్కువ వేసిన మీగడ కూడా గుర్తొచ్చింది. దానికే ఎక్కువ మండింది.

"నేను చివరి గదిలో ఉన్నప్పుడు అడగమన్నది మీ మామయ్యేనా?"

"నీకు ఆ గదిలో ఉరుములు కూడా వినపడవన్నాడు."

సగిందిక్ తల్లి పేరు జమాల్. కలంపీర్‌కి పెద్ద ఆడపడుచు. ఇద్దరికీ మాటలు పోయింది కలంపీర్ కూతురి పెళ్లిలో. పెళ్లి విందులో ఏ ఎముక ఎవరి పళ్లెంలో పడాలో పొరపాటు ఉండకూడదు. తుంటి ఎముక పళ్లెం ఇంటి పెద్ద ఆడబిడ్డకి. వడ్డించేవాడు పళ్లేలు తారుమారు చేశాడు. జమాల్ ముందుకి పిక్క ఎముక వచ్చింది. ఆమె పళ్లెం తోసేసి, వియ్యాలవారంతా వింటుండగా, "ఈ ఇంట్లో ఏ ఎముక ఎవరిదో కుక్కకి తెలుసు, ఇల్లాలికి తెలియదు," అంది. వియ్యపురాలు నవ్వింది. ఆ నవ్వు కలంపీర్ ఇంకా మరిచిపోలేదు. కూతురికి పిల్లలు పుట్టారు. ఆ పిల్లలు బడికి పోతున్నారు. ఆమె మరిచిపోలేదు.

"మీ అమ్మకి నా ఒంటెపాలు కావాలి," అంది.

"కావాలి."

"ఆమె అడగమందా?"

"అడగదు. నీకు తెలీదా? చచ్చిపోతుంది గాని అడగదు. అందుకే నేను అడిగాను. ఇది దానం కాదత్తా. నా హక్కు."

ఎసెన్‌జోల్ అప్పుడే లోపలికొచ్చాడు. బజారునుంచి ఏమీ తేలేదు. భార్య మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రావయ్యా, పాలదొంగా," అంది కలంపీర్. "కూర్చో. నీ బ్యాటరీలు బాగా పనిచేశాయి."

అతను కూర్చోలేదు. "మా అక్క," అన్నాడు. తర్వాత, "నాకు మిగిలింది ఒక్కతే," అన్నాడు. అతని లెక్కలో అది చాలా పొడుగైన మాట.

కలంపీర్ గేమ్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. మొదటి గది తెరిచింది.

"ఇచ్చిన మాట ఇచ్చిందే. తోలుకుపోండి. ఒంటెని అడిగాడు, ఒంటెనిచ్చాను. పాలు వాడు అడగలేదు, నేనివ్వలేదు. అక్కడ ఎవరికి చేపుతుందో చూస్తాను."

మగవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సంగతి ఇద్దరూ ఆలోచించలేదు. ఇంత పన్నాగం పన్నినవాళ్లకి ఒంటె పొదుగు గుర్తురాలేదు. మగవాళ్ల బుర్ర అంతవరకే. మేనల్లుడు టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. మామయ్య వెనకే పోయాడు.

కలంపీర్ ఆడుతోంది. బయట పిల్ల ఒంటెని ఎక్కించిన చప్పుడు. తర్వాత కోంగిర్ అరుపు. ఒంటె అరిస్తే రైలు కూత కూడా దాని కింద పోతుంది. మా వాడు గోతిలో పడ్డాడు. మళ్లీ లేపింది. కోంగిర్ మళ్లీ అరిచింది. మా వాడు తలుపు తీయడం మరిచి గోడకేసి నడుస్తున్నాడు.

"ముక్కుతాడు లాగుతున్నారు," అంది ఉల్తుగన్ కిటికీలోంచి చూస్తూ. "నీ మొగుడు వెనకనుంచి తోస్తున్నాడు. అది తన్నితే ఇవాళే ఇంకో తుంటి."

"తన్ననీ."

"రక్తం వస్తోందే ముక్కులో."

కలంపీర్ లేచింది. కర్ర అందుకుంది. గేమ్ కోటు జేబులో పడేసుకుని వాకిట్లోకి నడిచింది.

"వదలండి తాడు," అంది. "మీ ముక్కులకి కట్టి లాగితే తెలిసేది. వెనక్కి జరుగు మనిషీ, నువ్వు తోసేవి వ్యాగన్లు కావు."

ఒంటె మెడ కింద నుదురు ఆనించింది. ముక్కుతో రాగం తీసింది. కోంగిర్ అరుపు ఆపింది. దాని వణుకు ఆమె నుదుటికి తెలిసింది. తాడు పట్టకుండా ముందు నడిచి, పలక ఎక్కింది. ఒంటె వెనకే ఎక్కి, మోకాళ్లు మడిచి, పిల్ల పక్కన కూలబడింది.

ఎసెన్‌జోల్ దగ్గరికొచ్చాడు. పశువు ఇల్లు దాటేముందు దాని నోటి తడి కోటు అంచుతో తుడిచి ఉంచుకుంటారు, ఇంటి కలిమి దాని వెంట పోకుండా. అతను అంచు చాచాడు.

"దాచుకో," అంది కలంపీర్. "ఒంటె నోరే తుడువు. నాకు తుడవకు, నేను తిరిగొస్తాను."

"వెళ్తున్నావా?"

"అది మీ అక్క కోడలి చేతికి అలవాటు పడేదాకా. పిల్లకి ఆకలైతే ఊరుకుంటుందా? దాని కోసం వెళ్తున్నా. మీ అక్క మొహం చూడ్డానికి కాదు. నీకు నాలుగు రోజులు రొట్టె, ఉప్పు. పాలు దొంగిలించడానికి కూడా ఉండవు."

ఎసెన్‌జోల్ తల ఊపాడు. ఆమె లారీ ముందు సీట్లోకి ఎక్కేటప్పుడు కర్ర పట్టుకున్నాడు. పడకుండా వెనక చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. ఆమె చూసింది. చూడనట్టే కూర్చుంది.

దారిలో సగిందిక్ ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"ఇంకేం లేవు నీకు," అంది కలంపీర్. "మూడూ అయిపోయాయి. ఇక నుంచి నువ్వూ అందరిలాంటి మనిషివే."

"తెలుసత్తా. ఇంక బూట్లు కూడా ఉండవా?"

"చూద్దాం."

అరాల్లో మర్నాడు కోంగిర్ చేపింది. కలంపీర్ పితికింది. కోడలు పక్కన నిలబడి రాగం నేర్చుకుంటోంది. కోడలుపిల్ల బాగానే ఉంది, గొంతే రైల్వే మైకులా ఉంది.

పాలగిన్నె కోడలే లోపలికి పట్టుకెళ్లింది. జమాల్ కిటికీ పక్క మంచం మీద ఉంది. ఒకప్పుడు ఆమె గుమ్మంలో నిలబడితే గదిలో చీకటి పడేది. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉందో లేదో వెతుక్కోవాలి. కలంపీర్ ఆ గదిలోకి వెళ్లింది గాని పలకరించలేదు. ఆ ఇంట్లో పగలు వెలుతురు బాగా ఉన్నది ఆ గదిలోనే. వెలుతురు లేకపోతే ముసలాడి ఛాతీ కనిపించదు. గోడకి ఆనుకుని, ఆడపడుచుకి వీపు సగం తిప్పి, ఆట మొదలుపెట్టింది.

జమాల్ పాలు తాగింది. ఆఖరి గుక్క దాకా తాగింది. ఆ చప్పుడు కలంపీర్ విన్నది. మూడు గదులు దాటింది. ముసలాడు వచ్చాడు. ఒకటి తగిలింది. రెండోది తగిలింది.

"ఎడమచెయ్యి ఎత్తుతున్నాడు, చూసుకో," అంది వెనకనుంచి జమాల్.

కలంపీర్ తల తిప్పింది. గేమ్ కుయ్యిమంది.

"నీ వల్ల చచ్చాను," అంది.

"నా వల్లే. నీకు ఏది జరిగినా నా వల్లే కదా."

కలంపీర్ తెర వైపు తిరిగింది. మా వాడు బోర్లా పడి ఉన్నాడు.

"ఆ రోజు పళ్లేలు మార్చింది వడ్డించినవాడు. నేను కాదు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. వాడు నా ముందే తడబడ్డాడుగా."

"తెలిసీ అందరిముందూ ఆ మాట అన్నావు."

"అన్నాను." జమాల్ ఖాళీ గిన్నె పొట్ట మీద పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. "మీ వియ్యపురాలు నవ్వింది. అది నవ్వకుండా ఉంటే వెనక్కి తీసుకుందును. నవ్వాక ఎలా తీసుకోను?"

ఆ జవాబు కలంపీర్‌కి నచ్చలేదు. నచ్చకపోయినా అర్థమైంది. తనైనా తీసుకుని ఉండేది కాదు.

"వాడెవడు, ఆ చేతులవాడు?" అంది జమాల్.

"ఇనుప ముసలాడు. సినిమాలో చూళ్లేదా?"

"నన్నెవరు తీసుకెళ్లారు సినిమాలకి? నువ్వు చేపలకంపుతో ఒక్కదానివే పోయేదానివి. మొదలుపెట్టు మళ్లీ. ఈసారి మాట్లాడను."

"నువ్వు మాట్లాడకుండా ఉండటం కూడా నేను చూడాలా."

జమాల్ కాళ్లు దగ్గరికి లాక్కుంది. కిటికీ పక్కన మంచం అంచు ఖాళీ అయింది. కలంపీర్ దానికేసి చూసి, సాయంత్రం పాలు తీసే వేళయిందని లేచి బయటికి పోయింది. తీసింది. గిన్నె ఈసారి తనే తెచ్చింది. జమాల్ తాగడం అయ్యాక, మంచం అంచున కూర్చుని, తెర ఆమెకి కూడా కనిపించేలా కొంచెం పక్కకి తిప్పి పట్టుకుంది.

మొదటి గదిలో జమాల్ ఒక్క మాట మాట్లాడలేదు. రెండో గదిలోనూ మాట్లాడలేదు. మూడో గది తలుపు తెరుచుకోగానే మాట్లాడింది.